రైన్, మోసెల్ లోయల కోటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలో రైన్ నది బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా సుమారు 65 కిలోమీటర్ల మేర కొండల మధ్య ఇరుకుగా పారుతుంది. యునెస్కో 2002లో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కోబ్లెంజ్ దగ్గర దీనిలో కలిసే మోసెల్ ఒడ్డునా కోటలు బోలెడు. జర్మనీలో చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, ఊరి నుంచి అమ్మానాన్నలను రప్పించుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలకు జవాబులు ఇవి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## వెళ్దామనుకున్నప్పుడు

ఇంత చిన్న లోయలో ఇన్ని కోటలు ఎందుకు కట్టారు?

సుంకం కోసం. మధ్యయుగాల్లో సరుకంతా పడవల మీదే నడిచేది. ఒడ్డున ఎవరి జాగా ఉంటే వాళ్లు పడవను ఆపి డబ్బు వసూలు చేసేవారు. కౌబ్ ఊరి ముందు నది మధ్యలో ఓడలా కనిపించే ఫాల్ట్స్‌గ్రాఫెన్‌ష్టైన్ పూర్తిగా సుంకం కోటే. బవేరియా లుడ్విగ్ రాజు 1326-27లో దాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. సుంకం కట్టనిదే పడవ కదలకుండా నదికి అడ్డంగా గొలుసు వేసేవారు. అందుకే ఈ కోటల్లో చాలావాటికి పెద్ద సైన్యం, పెద్ద నగరం ఉండేవి కావు. నది మలుపు కనబడే గుట్ట, పాతికమంది మనుషులు ఉంటే పని జరిగిపోయేది.

గోల్కొండ, గండికోట చూసినవాళ్లకు ఇవి చిన్నగా అనిపిస్తాయా?

అనిపిస్తాయి. గోల్కొండ నగరాన్ని లోపల పెట్టుకున్న దుర్గం. ఇక్కడివి ఎక్కువగా ఒక కుటుంబం ఇల్లు, దాని చుట్టూ గోడ. వైశాల్యం కోసం వస్తే నిరాశే. వంటగది, పడకగది, పొయ్యి, మరుగుదొడ్డి దాకా ఇంటి వివరాలు నిలిచి ఉండటమే వీటి ప్రత్యేకత. పెద్ద దుర్గమే చూడాలనుకుంటే కోబ్లెంజ్‌లో రైన్‌కు 118 మీటర్ల ఎత్తున ఉన్న ఎరెన్‌బ్రైట్‌ష్టైన్‌కు, లేదా సాంక్ట్ గోవార్ ఊరి మీది రైన్‌ఫెల్స్ శిథిలాలకు వెళ్లండి.

ఒక్క రోజే ఉంది. ఎన్ని కోటలు చూడొచ్చు?

లోపలికి వెళ్లి చూసేవి రెండు. మూడోది పెట్టుకుంటే రోజంతా గడియారం చూసుకోవడంతోనే సరిపోతుంది. కోట దూరం మ్యాపులో 2 కిలోమీటర్లే కనిపిస్తుంది కానీ స్టేషన్ నుంచి ఎక్కడానికి అరగంట, టూర్ కోసం ఎదురుచూపు అరగంట, టూర్ ముప్పావుగంట, దిగడానికి మరో ఇరవై నిమిషాలు పడుతుంది. మా లెక్కలో మంచి రోజంటే పైకప్పు చెక్కుచెదరని కోట ఒకటి, శిథిలం ఒకటి, మిగతావి రైలు కిటికీలోంచో పడవ మీద నుంచో. ఉదాహరణకు పొద్దున బ్రౌబాఖ్‌లో మార్క్స్‌బుర్గ్ చూసి, మధ్యాహ్నం అదే ఒడ్డు రైలెక్కి సాంక్ట్ గోవార్స్‌హౌజెన్‌లో దిగి, ఫెర్రీలో నది దాటి రైన్‌ఫెల్స్‌కు వెళ్లొచ్చు.

ఎల్ట్స్, కోఖెమ్, మార్క్స్‌బుర్గ్‌లలో ఒకటే చూడాలంటే ఏది?

మూడూ మూడు రకాలు. మార్క్స్‌బుర్గ్‌ను శత్రువులు ఎప్పుడూ పట్టుకుని కూల్చలేదు. 1945లో అమెరికన్ ఫిరంగుల దెబ్బ తగిలినా బాగుచేసి నిలబెట్టారు. 1900 నుంచి అది జర్మన్ కోటల సంఘం చేతిలో ఉంది. సైనిక కోట ఎలా పనిచేసేదో తెలుసుకోవాలంటే దీనికే వెళ్లండి.

మోసెల్ దగ్గరి అడవి లోయలో ఉన్న ఎల్ట్స్ కూడా కూలనిదే. ఎనిమిది శతాబ్దాలకు పైగా ఒకే వంశం చేతిలో ఉంది. 1268లో అన్నదమ్ముల మధ్య మూడు శాఖలుగా చీలిపోయి, ఒకే ప్రాంగణం చుట్టూ ఎవరి మేడ వాళ్లు కట్టుకున్నారు. కోట అలా పోటాపోటీగా పైకి పెరగడానికి కారణం ఆ పంపకాలే. యూరోకు ముందు జర్మనీలో వాడిన 500 మార్కుల నోటు మీది బొమ్మ కూడా ఈ కోటదే.

మోసెల్ ఒడ్డున ఉన్న కోఖెమ్ కథ వేరు. 1689లో ఫ్రెంచి సేనలు అసలు కోటను పేల్చేశాయి. 1868లో బెర్లిన్ వ్యాపారి లూయీ రావెనే ఆ శిథిలాన్ని కొని, తన కాలపు అభిరుచి ప్రకారం 1877 నాటికి తిరిగి కట్టించాడు. దూరం నుంచి ముగ్గురిలోకీ అందగత్తె అదే. లోపల ఉన్నది మాత్రం మధ్యయుగం కాదు, మధ్యయుగాన్ని ఊహించుకున్న 19వ శతాబ్దం.

క్రిస్మస్ సెలవుల్లో వెళ్తే బాగుంటుందా?

లోయ బాగుంటుంది, చాలా కోటలు మూసి ఉంటాయి. ఎల్ట్స్ నవంబర్ మొదట్లో మూస్తే మార్చి చివరికో ఏప్రిల్ మొదటికో తెరుస్తుంది. పడవలు అక్టోబర్ దాకానే. మార్క్స్‌బుర్గ్ చలికాలమూ తెరిచి ఉంటుంది కానీ వేళలు కుదిస్తారు, డిసెంబర్ 24, 25 తేదీల్లో మూస్తారు. పైగా డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అనువైన నెలలు మే, జూన్, సెప్టెంబర్. అక్టోబర్ రెండు, మూడు వారాల్లో ద్రాక్షతోటలు పసుపు రంగుకు తిరుగుతాయి కానీ పొద్దున పూట లోయ నిండా మంచు కమ్మి, పదకొండు దాకా ఎదుటి కోట కూడా కనిపించని రోజులుంటాయి.

నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఏ కోట ఎక్కగలరు?

ఎరెన్‌బ్రైట్‌ష్టైన్. కోబ్లెంజ్ నది ఒడ్డు నుంచి కేబుల్ కార్ ఎక్కితే కోట మైదానంలోనే దిగుతారు, లోపల చాలా భాగం చదును. ఎల్ట్స్‌కు పార్కింగ్ నుంచి చిన్న బస్సు కోట దాకా తిరుగుతుంది. కానీ టూరంతా మెట్లే కాబట్టి ఆయన ప్రాంగణంలో కూర్చుంటే మీరు చూసి రావచ్చు. కోఖెమ్‌కు సీజన్‌లో ఊళ్లోంచి షటిల్ బస్సు ఉంటుంది. ష్టోల్‌ట్సెన్‌ఫెల్స్‌కు వంపులు తిరిగే బాటలో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నడవాలి. మార్క్స్‌బుర్గ్ వద్దు. సింహద్వారం దాటగానే కొండరాతినే చెక్కిన గుర్రాల మెట్లు వస్తాయి. గుర్రపు అడుగుకు తగ్గట్టు వెడల్పుగా, ఒక్కోటి ఒక్కో ఎత్తులో, అరిగి నున్నబడి ఉంటాయి. అవి ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు పరీక్ష.

కొండ మీద కనిపించే ప్రతి కోటలోకీ వెళ్లనిస్తారా?

లేదు. సాంక్ట్ గోవార్స్‌హౌజెన్ మీది కాట్స్ ప్రైవేటు ఆస్తి, సందర్శకులకు ప్రవేశం లేదు. రూడెస్‌హైమ్ దగ్గరి ఎరెన్‌ఫెల్స్ శిథిలం కూడా లోపలికి తెరిచి ఉండదు, ద్రాక్షతోట బాటల నుంచి చూడాల్సిందే. బాఖరాఖ్‌లోని ష్టాలెక్ యూత్ హాస్టల్, ఓబర్‌వేజెల్‌లోని షోన్‌బుర్గ్ హోటల్. లోరెలై అసలు కోటే కాదు, 132 మీటర్ల బండ. ఆ పేరు విని ఏదో కట్టడం ఉంటుందని వెతుక్కునేవాళ్లు ఏటా ఉంటారు.

## చేరుకోవడం

ఏ రైలు టికెట్ కొంటే లాభం?

నెలలో నాలుగైదు ప్రయాణాలుంటే జర్మనీ అంతటా చెల్లే డాయ్‌చ్‌లాండ్ టికెట్ తీసుకోండి. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ఇది చందా పద్ధతి, ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా ఖాతాలోంచి పోతుంది. నెల రోజులకని వచ్చిన అమ్మానాన్నల పేరు మీద కొన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఒక్కరోజు గుంపుగా తిరగడానికి ఈ రాష్ట్రం పేరుతో ఉన్న రైన్‌లాండ్-ఫాల్ట్స్ టికెట్ చవక. ఐదుగురి దాకా ఒకే టికెట్, ప్రయాణికుల పేర్లు రాయాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. అది ఫ్రాంక్‌ఫర్ట్‌లో చెల్లదు, మైన్‌ట్స్ నుంచి మొదలవుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఎక్కి కూర్చుంటే జరిమానా 60 యూరోలు. రెండు టికెట్లూ ప్రాంతీయ రైళ్లకే, ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణ రైళ్లకు పనికిరావు. పడవలకు, ఫెర్రీలకు వేరే డబ్బు కట్టాలి.

రైల్లో ఏ వైపు కూర్చోవాలి?

కోబ్లెంజ్ నుంచి మైన్‌ట్స్ వైపు ఎడమ ఒడ్డు (సాంక్ట్ గోవార్, బాఖరాఖ్ ఉన్న ఒడ్డు) రైల్లో వెళ్తుంటే ఎడమ కిటికీ, మైన్‌ట్స్ నుంచి వస్తుంటే కుడి కిటికీ. మీరున్న ఒడ్డు మీది కోటలు సరిగ్గా నెత్తిన ఉంటాయి కాబట్టి కనిపించవు, ఎదుటి ఒడ్డువే కనిపిస్తాయి. అంటే ఎడమ ఒడ్డు రైల్లోంచి మార్క్స్‌బుర్గ్, ష్టెరెన్‌బెర్గ్, లీబెన్‌ష్టైన్, మౌస్, కాట్స్, కౌబ్ మీది గూటెన్‌ఫెల్స్ చూడొచ్చు. వెళ్లేటప్పుడు ఒక ఒడ్డు, వచ్చేటప్పుడు రెండో ఒడ్డు రైలు పట్టుకుంటే రెండు వరుసలూ అయిపోతాయి.

స్టేషన్ బోర్డు మీద రైలు లేదు, బస్సు అని రాశారు. ఏం చేయాలి?

పట్టాల పనుల వల్ల రైలు బదులు బస్సు నడుపుతున్నారని అర్థం. బోర్డు మీద 'షీనెన్‌ఎర్‌జాట్స్‌ఫెర్‌కేర్' అనో, 'ఎస్ఈవీ' అనే మూడక్షరాలో ఉంటాయి. అదే టికెట్ చెల్లుతుంది. బస్సు స్టేషన్ ముందు కాకుండా కొంచెం దూరంలో ఆగవచ్చు, నేల మీది ఊదా రంగు గుర్తుల వెంట వెళ్లండి. ప్రయాణ సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ రోజు రెండో కోటను వదిలేయడం మంచిది.

నది దాటడానికి వంతెన ఎక్కడుంది?

లేదు. కోబ్లెంజ్ దాటాక వీస్‌బాడెన్-మైన్‌ట్స్ దాకా రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు. బోపార్డ్, సాంక్ట్ గోవార్, కౌబ్, నీడర్‌హైమ్‌బాఖ్, బింగెన్ దగ్గర ఫెర్రీలు తిరుగుతాయి. కార్లనూ ఎక్కించుకుంటాయి, టికెట్ ఫెర్రీ మీదే. రాత్రి నడవవు కాబట్టి ఆఖరి ఫెర్రీ వేళ రేవు దగ్గరి బోర్డు మీద ముందే చూసిపెట్టుకోండి. అది తప్పితే కారు ఉన్నవాళ్లు పదుల కిలోమీటర్లు చుట్టు తిరగాలి. నదికి వరద వస్తే ఫెర్రీలు ఆపేస్తారు. నది మధ్యలోని ఫాల్ట్స్‌గ్రాఫెన్‌ష్టైన్‌కు కౌబ్ నుంచి వెళ్లే చిన్న పడవా ఆగుతుంది, దాంతో ఆ కోటా మూతపడినట్టే.

పడవలో ఎటు నుంచి ఎటు వెళ్లాలి?

కోటలు నెమ్మదిగా చూడాలంటే ఎగువకు, అంటే కోబ్లెంజ్ నుంచి బింగెన్ వైపు. త్వరగా చేరాలంటే దిగువకు. ప్రవాహం బలంగా ఉంటుంది కాబట్టి ఎగువకు చాలా ఎక్కువ సమయం పడుతుంది. మొత్తం దూరం కొనక్కర్లేదు, బాఖరాఖ్-సాంక్ట్ గోవార్ ముక్క చాలు, సారమంతా అక్కడే. ఏ కోట ఎక్కడుందో ఒడ్డున కిలోమీటరుకొకటి ఉండే పెద్ద అంకెల తెల్ల బోర్డులు చెబుతాయి. కోన్‌స్టాన్స్ వంతెన దగ్గర సున్నాతో మొదలవుతుంది లెక్క. 546 దగ్గర ఫాల్ట్స్‌గ్రాఫెన్‌ష్టైన్, 554 దాటాక లోరెలై, 580 ప్రాంతంలో మార్క్స్‌బుర్గ్, 592 దగ్గర మోసెల్ వచ్చి కలుస్తుంది.

ఎల్ట్స్ కోటకు కారు లేకుండా ఎలా వెళ్లాలి? కారుంటే ఎక్కడ ఆపాలి?

రైల్లో కోబ్లెంజ్-ట్రియర్ లైను మీది మోసెల్‌కెర్న్‌లో దిగండి. అక్కడ ఆగేది ప్రతి స్టేషన్లో ఆగే రీజనల్ బాన్ మాత్రమే, వేగంగా పోయే రీజనల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆ ఊరు దాటి వెళ్లిపోతారు. స్టేషన్ నుంచి ఊరి గుండా, ఎల్ట్స్ వాగు పక్కనే సుమారు 5 కిలోమీటర్లు నడక, గంటన్నర వేసుకోండి. మొదటి సగం దాదాపు చదును. రింగెల్‌ష్టైనర్ మిల్లు దాటాక అడవి బాట మొదలవుతుంది, ఆఖర్న మెట్లున్నాయి. చెట్ల మధ్య నుంచి కోట ఒక్కసారిగా బయటపడే చోటు ఈ దారిలోనే ఉంది. ఇది బస్సులో వచ్చినవాళ్లకు దక్కదు.

కారుకు సాధారణంగా జరిగే పొరపాటు ఒకటుంది. జీపీఎస్‌లో మోసెల్‌కెర్న్ అని కొడితే మిల్లు దగ్గరి పార్కింగ్‌కు తీసుకెళ్తుంది, అక్కడి నుంచి ఇంకా 35 నిమిషాలు నడవాలి. పైన వీర్‌షెమ్ ఊరి వైపున్న కోట పార్కింగ్‌కు వెళ్తే తారు రోడ్డు మీద 800 మీటర్లు దిగడమే, లేదా డబ్బులిచ్చి షటిల్ బస్సు ఎక్కడమే. దిగేటప్పుడు నడిచి, తిరిగి ఎక్కేటప్పుడు బస్సు తీసుకుంటే ఊపిరి మిగులుతుంది.

## కోట గుమ్మం దగ్గర

గైడ్ లేకుండా మేమే తిరగొచ్చా?

మార్క్స్‌బుర్గ్, ఎల్ట్స్, కోఖెమ్‌లలో లోపలి గదులు గైడ్‌తోనే చూడాలి. ఒక్కో టూర్ 40-50 నిమిషాలు. ఇంగ్లీషు టూర్లు సీజన్‌లో ఉంటాయి కానీ జర్మన్ టూర్లంత తరచుగా ఉండవు, వాటి వేళ చూసుకుని రైలు పట్టుకోండి. కుదరకపోతే జర్మన్ టూర్‌లోనే చేరి, టికెట్ కౌంటర్‌లో అనువాదం కాగితం అడగండి. శిథిలాల్లో, ఎరెన్‌బ్రైట్‌ష్టైన్‌లో మీ ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు.

ఐదింటి దాకా తెరిచి ఉంటుందని రాశారు, నాలుగున్నరకు వెళ్తే వెనక్కి పంపారు. ఎందుకు?

చూడాల్సింది మూసే వేళ కాదు, 'లెట్స్‌టర్ ఐన్‌లాస్' అన్న మాట పక్కనున్న వేళ. ఆఖరి ప్రవేశం అని అర్థం, మూసే వేళకు అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. 'రూహెటాగ్' అంటే వారపు సెలవు. చాలాచోట్ల సోమవారం, కానీ సోమవారం పండగ సెలవు పడితే తెరిచి మరో రోజు మూసే చోట్లూ ఉన్నాయి.

కార్డు తీసుకుంటారా?

పెద్ద కోటల్లో తీసుకుంటారు. చిన్నవాటిలో, ఫెర్రీల మీద, మరుగుదొడ్ల దగ్గర నగదే నమ్మకం. మనిషికి 30 యూరోలు, కొంత చిల్లర ఉంచుకోండి.

లోపల ఫొటోలు, పైనుంచి డ్రోన్ వీడియో తీసుకోవచ్చా?

ఎల్ట్స్ గదుల్లో ఫొటోలు నిషిద్ధం, ప్రాంగణంలో పర్వాలేదు. మిగతాచోట్ల గైడ్‌ను అడిగాకే ఫోను తీయండి. డ్రోన్ ఆలోచన మానుకోండి. జర్మన్ నిబంధనల ప్రకారం రైన్, మోసెల్ లాంటి జలమార్గాల మీదా, వాటికి 100 మీటర్ల లోపూ ఎగరేయడానికి ఆంక్షలున్నాయి. రైలు పట్టాలకూ, ప్రకృతి రక్షిత ప్రాంతాలకూ అంతే. ఇరుకైన ఈ లోయలో ఈ మూడూ తగలని చోటు దొరకడమే కష్టం.

చంటిపిల్లను స్ట్రాలర్‌లో తీసుకెళ్లొచ్చా?

కోట గుమ్మం దాకా. లోపల తిరుగుడు మెట్లు, ఎత్తు గడపలు ఉంటాయి, స్ట్రాలర్ కింద వదిలేయమంటారు. పిల్లను ఒంటికి కట్టుకునే క్యారియర్ తెచ్చుకోండి.

## శిథిలాల్లో

శిథిలంలో రాళ్లు తప్ప ఏముంది చూడటానికి?

గోడల మీద గుర్తులు చదవడం వస్తే చాలా ఉంది. వరుసగా ఒకే ఎత్తులో చదరపు కన్నాలు కనిపిస్తే అక్కడ దూలాలు దిగేవి, అది ఒక అంతస్తు. గోడ మధ్యలో గాల్లో వేలాడుతున్నట్టు పొయ్యి ఉంటే దాని కింది నేల చెక్కది, కాలిపోయింది. కిటికీకి అటూ ఇటూ రాతి అరుగులుంటే అది కొలువుగదో, ఇంటివాళ్ల గదో. కాపలా గదికి అంత సుఖం ఉండదు. బయటి గోడ నుంచి పొడుచుకు వచ్చి అడుగున కన్నమున్న రాతి గూడు ఎక్కువగా మరుగుదొడ్డి.

ప్రధాన బురుజును బెర్గ్‌ఫ్రీడ్ అంటారు. దాని పాత గుమ్మం నేల మీద కాకుండా అనేక మీటర్ల పైన ఉంటుంది, చెక్క నిచ్చెనతో ఎక్కి పైకి లాగేసుకునేవారు. కింద ఇప్పుడున్న గుమ్మం సాధారణంగా తర్వాతి కాలంలో పగలగొట్టి పెట్టింది. అన్నిటికంటే లావైన గోడ నది వైపు ఉండదు, కొండ వైపు ఉంటుంది. ఫిరంగులు, రాళ్లు విసిరే యంత్రాలు వచ్చేది పై నుంచే కదా. ఆ గోడ ముందు కొండరాతిని అడ్డంగా కోసి తీసిన అగడ్త కూడా ఉండాలి, వెతకండి. బురుజు నిలువునా రెండుగా చీలి సగమే మిగిలి ఉంటే, దాని అడుగున మందుగుండు పెట్టి పేల్చారని అర్థం. మోసెల్ ఒడ్డున, రైన్ ఒడ్డున ఇలాంటివాటిలో చాలావరకు 1689 నాటి ఫ్రెంచి సేనల పనే.

టికెట్ లేని శిథిలాలు ఏవి?

కోఖెమ్ వెనక లోయలో వినెబుర్గ్ ఒకటి, ఊళ్లో జనం కిక్కిరిసిన రోజు కూడా అక్కడ నలుగురికి మించి ఉండరు. కాంప్-బోర్న్‌హోఫెన్ మీద ష్టెరెన్‌బెర్గ్, లీబెన్‌ష్టైన్ అనే రెండు పక్కపక్క శిథిలాలున్నాయి. 'పగబట్టిన అన్నదమ్ములు' అని పిలుస్తారు, మధ్యలో అడ్డుగోడ కూడా ఉంది. ఎల్ట్స్‌కు వెళ్లినవాళ్లు ఎదుటి గుట్ట మీది ట్రుట్స్‌ఎల్ట్స్‌ను వదిలేస్తుంటారు. ట్రియర్ ఆర్చ్‌బిషప్ బాల్డ్విన్ 1330ల్లో ఎల్ట్స్‌ను లొంగదీయడానికి దాని నెత్తినే కట్టిన ముట్టడి కోట అది.

రైన్‌ఫెల్స్‌కు టార్చి ఎందుకు తెమ్మంటారు?

కోట కింద శత్రువులను పేల్చడానికి తవ్విన సొరంగాలున్నాయి. చీకటిగా, వంగి నడవాల్సినంత తక్కువ ఎత్తులో ఉంటాయి. ఫోను వెలుతురు చాలదు, ఒక చెయ్యి గోడకు ఆనించుకోవాలి కాబట్టి తలకు కట్టుకునే లైటు నయం. మరమ్మతుల వల్ల కొన్ని భాగాలు మూసి ఉంచుతుంటారు, ఏవి తెరిచారో టికెట్ కొనేముందే అడగండి. 1692లో ఫ్రెంచి ముట్టడిని తట్టుకున్న ఈ దుర్గాన్ని 1794లో పోరాడకుండానే వదిలేశారు, తర్వాత ఫ్రెంచివాళ్లు పేల్చారు.

గోడ ఎక్కి ఫొటో దిగితే ఏమవుతుంది?

రాయి ఊడుతుంది. చలికాలంలో సందుల్లోకి చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బి, సున్నాన్ని లోపల్నుంచి పిండి చేస్తుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది. ఈ పని మార్చి, ఏప్రిల్‌లో ఎక్కువగా బయటపడుతుంది. 'బెట్రేటెన్ ఔఫ్ ఐగెనె గెఫార్' అంటే మీ పూచీ మీద లోపలికి రండి అని, 'బెట్రేటెన్ ఫెర్‌బోటెన్' అంటే అసలు రావద్దని. మొదటిదానికి జాగ్రత్త చాలు, రెండోది కనిపిస్తే వెనక్కి తిరగండి. ఏదైనా జరిగితే 112కు ఫోన్ చేసి, అడవి బాటల్లో కనిపించే రెస్క్యూ బోర్డు మీది నంబరు చెప్పండి.

స్పోర్ట్స్ షూ సరిపోతుందా?

పొడి రోజున సరిపోతుంది. ఈ కొండలు పలక రాయివి, తడిస్తే సబ్బులా జారుతుంది, దాని మీద రాలిన ఆకులుంటే మరీను. అరగని, గాడులున్న అడుగు కావాలి. చీరకట్టుతో వచ్చే పెద్దవాళ్లకు కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండేలా కట్టుకోమని చెప్పండి, తిరుగుడు మెట్ల మీద దిగేటప్పుడు అంచు కాలి కింద పడుతుంది. గడ్డిలో నడిచాక రాత్రి మోకాళ్ల వెనక, నడుము చుట్టూ పురుగులు పట్టాయేమో చూసుకోండి. 'త్సెకె' అనే చిన్న గోమారి వల్ల జబ్బులొస్తాయి, కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. నూనె, జిగురు పూయకూడదు.

## తిండి, బస

శాకాహారం దొరుకుతుందా?

దొరుకుతుంది, అడిగే మాట తెలియాలి. 'ఓనె ఫ్లైష్' అంటే మాంసం లేకుండా అని. అలా చెప్పినా సూపులో, ఫ్లామ్‌కూఖెన్ అనే పల్చని రొట్టెలో పంది కొవ్వు ముక్కలు వస్తుంటాయి, అక్కడ చాలామందికి అది మాంసం లెక్కలోకి రాదు. అందుకే 'ఓనె ష్పెక్' అని కూడా కలపండి. బంగాళదుంప తురుముతో వేసే రైబెకూఖెన్, ఆపిల్ గుజ్జుతో, మనవాళ్ల నోటికి నచ్చుతుంది. చిన్న ఊళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే సాయంత్రం దాకా వంటిల్లు మూసేస్తారు. ఆదివారం దుకాణాలు ఉండవు. పులిహోర డబ్బా, నీళ్ల సీసా మోసుకెళ్లినవాళ్లే సుఖపడతారు. మంచినీళ్లు అడిగేటప్పుడు 'ష్టిల్లెస్ వాసర్' అనకపోతే గ్యాసు నీళ్లు వస్తాయి.

కోటలోనే రాత్రి పడుకోవచ్చా?

బాఖరాఖ్‌లోని ష్టాలెక్ యూత్ హాస్టల్లో చవకగా పడుకోవచ్చు. హాస్టల్ సంఘం సభ్యత్వం అడుగుతారు, వేసవి శనివారాలకు నెలల ముందే బుక్ చేయాలి. స్టేషన్ నుంచి ద్రాక్షతోటల మధ్య నిటారు మెట్ల దారి కాబట్టి చక్రాల సూట్‌కేసు కాకుండా వీపు సంచీతో వెళ్లండి. ఓబర్‌వేజెల్ షోన్‌బుర్గ్ ఖరీదైన హోటల్.

బాణసంచా రాత్రుల్లో వెళ్లడం మంచిదేనా?

'రైన్ ఇన్ ఫ్లామెన్' పేరుతో జూలై మొదటి శనివారం బింగెన్-రూడెస్‌హైమ్‌లో, ఆగస్టు రెండో శనివారం కోబ్లెంజ్‌లో, సెప్టెంబర్ మూడో శనివారం సాంక్ట్ గోవార్ దగ్గర బాణసంచా కాలుస్తారు. చూడదగ్గదే. అయితే తర్వాత రైళ్లలో నిలబడే చోటు దొరకదు, గదుల అద్దెలు పెరుగుతాయి. పిల్లలతో వెళ్తే అదే ఊళ్లో బస దొరికితేనే పెట్టుకోండి.